ఆమెన్ అనని ఆదివారం

మా మేనత్త కళ్లు మూసుకుంది. ఆమె చేసిన తప్పల్లా అదే.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పని మాది. వారానికి ఏడు రోజులూ పనే. ఆదివారం చర్చికి పోనివ్వమని అడిగితే, ఓనరు పాస్టరుగారినే లాండ్రీకి రప్పించాడు. ఆయన సబ్బు పీపాల పక్కన నిలబడి, దేవుడు ఏడో రోజున విశ్రాంతి తీసుకున్నాడని చెప్పేవారు. మేం వింటూనే మిషన్లు నడపాలి. ప్రార్థనకు నోరు చాలు, చేతులతో పనేముందని ఓనరు వాదన.

ఆ ఆదివారం ప్రార్థన మొదలవగానే, యాభై ఏళ్ల అలవాటు కొద్దీ అత్త కళ్లు మూసింది. దుప్పటితో పాటు కుడిచెయ్యి ఇస్త్రీ రోలరు కిందికి పోయింది. బాయిలరు చూసే బాబాయి పరిగెత్తుకొచ్చి మిషను ఆపేసరికి నాలుగు వేళ్లు నలిగిపోయాయి.

"మిషను ముందు కళ్లెవరు మూసుకోమన్నారు?" అన్నాడు ఓనరు. మర్నాడే ఆమెను పనిలోంచి తీసేశాడు.

నలభై మందిమీ అత్తను వెంటబెట్టుకుని పాస్టరుగారి దగ్గరికి వెళ్లాం. వారానికి ఒక్కరోజు సెలవిప్పించమని, అత్తను మళ్లీ పనిలోకి తీసుకోమని ఓనరుకు చెప్పమన్నాం.

"అది రోగుల సేవమ్మా. ప్రభువు కూడా విశ్రాంతి దినాన ఒకడి ఎండిన చెయ్యి బాగుచేశాడు," అన్నారాయన.

అత్త కట్టుకట్టిన చెయ్యి చాపింది. "బాగుచేశాడండీ. ఉన్న చెయ్యి తీసుకోలేదు."

ఆయన బైబిలు మూసి లోపలికి వెళ్లిపోయారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది మా పని. అత్త ఇంటి మెట్ల మీద కూలబడ్డాం.

"పనికి రావడం మానేద్దాం," అంది మడతలు పెట్టే వదిన.

"గేటు బయట వందమంది కాచుక్కూర్చున్నారు. మన చోట్లో వాళ్లను పెట్టుకుంటాడు," అన్నాడు బాబాయి.

చివరికి అత్తే అంది. "పనివాడికీ గొడ్డుకీ కూడా ఆ రోజు విశ్రాంతేనన్నాడు దేవుడు. మనం గొడ్డుకన్నా తీసిపోయామా? ప్రార్థన మొదలుపెట్టేది పాస్టరుగారు. ఆమెన్ అని పూర్తిచేయాల్సింది మనమేగా."

మరుసటి ఆదివారం అత్త వస్తుంటే వాచ్‌మన్ చూడనట్టు అటు తిరిగాడు. ఆమె తన రోలరు ముందు, నా పక్కనే నిలబడింది. ప్రార్థన మొదలవగానే బాబాయి ఆవిరి కట్టేశాడు. మిషన్లు ఆగాయి. అందరం చేతులు దించి కళ్లు మూసుకున్నాం. పాస్టరుగారు ముగించారు. ఎవరూ ఆమెన్ అనలేదు. ఓనరు తిట్టాడు, బతిమాలాడు, పోలీసులకు ఫోన్ చేశాడు.

బూట్ల చప్పుడు లోపలికొచ్చింది. ఎవరిని ఈడ్చుకుపోతున్నారో చూడలేదు. బాబాయి దగ్గు గేటు వైపు వెళ్లిపోయింది. వదిన చెప్పులు నేలకు రాసుకుంటూ పోయాయి. నా భుజానికి ఆనిన అత్త భుజం కూడా చటుక్కున తప్పుకుంది. ఆపలేకపోయాను. అంత చేతకానితనం నేనెన్నడూ ఎరగను. మూసిన రెప్పల కింద ఏడుపొచ్చింది.

పోలీసు వ్యాను తలుపు పడబోతుండగా అత్త గొంతు వినిపించింది.

"ప్రార్థన ఇంకా అవలేదర్రా. కళ్లు తెరవకండి."

మేం తెరవలేదు.