బల్ల పుట్టింటికి వచ్చిన రోజు

రోజూ పొద్దున్నే ప్రేమల వాకిలి ఊడ్చి, నీళ్లు తోడి, వడ్రంగి కొట్టంలో చెక్కపొట్టు ఎత్తేది. తర్వాత తలుపు వేసుకుని మొగుడు రాజేశ్వర్ చేసిన తప్పులు సరిదిద్దేది. ఆడది ఉలి ముట్టిందని బాన్సువాడకు తెలియకూడదు కదా.

డెబ్బై ఎనిమిదిలో ముత్తెన్న పటేలు చెరుకు తోటలో ఏడాదంతా ఆరుబయటే ఉండే బల్ల అడిగాడు. రాజేశ్వర్ పలకలు సందు లేకుండా బిగించాడు. మొదటి వానకే అవి ఉబ్బి లేచాయి. ప్రేమల బొగ్గుతో గోడమీద ఇంకో బల్ల గీసింది. పలకల నడుమ నీళ్లు జారేందుకు వేలంత సందు, బయటికి చాచిన తుమ్మ కాళ్లు, కింద అడ్డకర్ర. నాలుగు రోజుల్లో తనే చేసింది.

పటేలు బల్లెక్కి గంతేశాడు. కదల్లేదు.

"ఎవని తెలివిరా గిది?"

"నాదే పటేలా," అన్నాడు రాజేశ్వర్.

"గిసొంటివి ఇంకా ఆరు గావాలె. ఇది పుట్టింటికి వచ్చిపోయినంక మాట్లాడుదం."

ఆ మెప్పు తనది కాదని తెలిసి రాజేశ్వర్ కడుపు మండింది. పక్కింటివాడి తెలివైతే ఓర్చుకునేవాడు. తనకు అన్నం వడ్డించే మనిషిదైతే ఎట్లా?

"ఇగ కొట్టంల అడుగు పెట్టకు. మా తమ్మున్ని పెట్టుకుంట," అన్నాడు ఇంటికొచ్చి.

"ఆయినెకు ఉలి ఏ దిక్కు పట్టాల్నో తెల్వదు."

"నేర్చుకుంటడు. మొగోడు గదా."

అన్నం మానమంటే ప్రేమల మానేది. ఉలి మానడమే ఆమెకు చేతకాదు.

ఆ ఊళ్లో మంచమైనా నాగలైనా మూడోనాడు తనను చేసినవాళ్లను చూడటానికి నడిచొస్తుంది. బొట్టు పెట్టి, బెల్లం పెట్టి సాగనంపుతారు. రాజేశ్వర్ కొట్టంలోవి ఆ ఇంటికే వచ్చేవి. ఎవరి కోసం వచ్చాయో ఎవరూ అడగలేదు.

బల్ల బజారులో నడిచొస్తుంటే బస్సు ఆగి దారిచ్చింది. ప్రేమలను లోపలే ఉండమని, రాజేశ్వర్ పళ్లెంతో గుమ్మంలో నిలబడ్డాడు. బల్ల అతన్ని పక్కకు నెట్టి తలుపులోకి దూరబోయింది. పట్టలేదు. గడపమీద కాలు పెట్టి అట్లాగే నిలబడింది.

"ఎవలి కోసం వచ్చిందో వాళ్లను పిలువు బిడ్డా. ఎంతసేపు నిలబెడ్తవు?" అంది ఎదురింటి ముత్తవ్వ.

రాజేశ్వర్ పిలవలేదు. పిండి చేతులతో ప్రేమలే బయటికి వచ్చింది. బల్ల గడప దిగి ఆమె నడుముకు ఆనుకుంది.

వెనకే వచ్చిన పటేలు ఒకసారి రాజేశ్వర్‌ను చూసి, ఆమె వైపు తిరిగాడు.

"ఆరు బల్లలకు ఎన్ని దినాలు గావాలె ప్రేమలా?"

"తుమ్మ ఎండాలె పటేలా. రెండు నెలలు."

ఆమె మొగుడి చేతిలోని పళ్లెం అందుకుని బల్లకు బొట్టు పెట్టింది. పళ్లెం తిరిగి అతని చేతికిచ్చి, లోపల రొట్టె మాడుతున్నదని చెప్పింది.