ముందే రాసి వచ్చిన పదాలు

జోల్వా ఊళ్లో సాంచాలకు, అంటే మరమగ్గాలకు, సెలవు రోజు. పొద్దున్నే చాయ్ తాగి సింధూజ తన టేబుల్ మీదున్న చీరల డిజైన్ కాగితాలన్నీ తీసి మంచం మీద పడేసింది. ఖాళీ అయిన చోట అరచేతిలో పట్టేంత చిన్న పెట్టె పెట్టుకుని, దాని సీలును నాలుగు వైపులా తిప్పి తిప్పి చూసింది. అది హార్డ్‌వేర్ వాలెట్. తయారు చేసే కంపెనీకే ఆర్డరు పెట్టి తెప్పించుకుంది.

సింధూజ పక్కనే ఉన్న కడోదరాలో ఒక చీరల ప్రింటింగ్ మిల్లులో డిజైనర్. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి జీతంలో కొంత తీసి బిట్‌కాయిన్ కొంటోంది. ఇన్నాళ్లూ అదంతా ఫోన్‌లోని ఎక్స్ఛేంజి యాప్‌లోనే ఉండేది. ఈ మధ్య ఎక్కడో ఒక ఎక్స్ఛేంజిలో దొంగలు పడ్డారని, అందులో దాచుకున్నవాళ్లు నెలల తరబడి తిరుగుతున్నారని చదివింది. తన సొమ్ము తాళం పరాయివాళ్ల చేతిలో ఎందుకుండాలి అనుకుంది. అనుకున్నాక ఆలస్యం చేసే మనిషి కాదు.

గుమ్మం దగ్గర కూర్చుని పాప్డీ చిక్కుడు గింజలు ఒలుస్తున్న తల్లి ఎల్లవ్వ తల ఎత్తి చూసింది.

“గీ డబ్బీల పడతయా నీ పైసలన్ని?”

“పైసలు దీంట్ల ఉండయమ్మా. అవి నెట్‌లనే ఉంటయి. వాటి తాళంచెవి మాత్రం దీంట్ల ఉంటది.”

“మరి డబ్బీ ఏడనన్న పడిపోతే?”

“పోయినా ఫరక్ పడదు. ఇప్పుడిది నాకు ఇరవై నాలుగు మాటలు చూపిస్తది. అవి నా దగ్గర భద్రంగ ఉంటే చాలు. ఇంకో డబ్బీ కొని, ఆ మాటలు ఎక్కిస్తే అన్నీ మళ్ల వస్తయి.”

ఎల్లవ్వ ఇంకో కాయ ఒలిచింది. “గా మాటలు ఇంకోనికి దొరికితే?”

“వాడు ఈడిదాక రాకుండనే అంతా ఊడ్చుకపోతడు. అందుకే ఫోటో తియ్యొద్దు, ఫోన్ల రాయొద్దు, ఎవ్వరికీ చెప్పొద్దు.”

“నాకు సుత చెప్పకు తల్లీ. నా నోట్ల మాట ఆగదు” అని ఎల్లవ్వ మళ్లీ గింజల పనిలో పడింది.

సింధూజ నవ్వుకుంటూ తలుపు దగ్గరగా వేసింది. పిన్ పెట్టింది. చిన్న తెరమీద ఒక్కో ఇంగ్లీషు పదమే వస్తుంటే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుంది. తర్వాత వాలెట్ ఆ పదాలను అటూ ఇటూ మార్చి అడిగితే తప్పు లేకుండా చెప్పింది. ముందు కొంచెం బిట్‌కాయిన్ మాత్రమే దానిలోకి పంపింది. అది చేరగానే, చూసేవాళ్లకు గుండె ఆగే పని చేసింది. వాలెట్‌లో ఉన్నదంతా తుడిచేసింది. తన చేత్తో రాసుకున్న పదాలు మళ్లీ ఎక్కించింది. పంపిన కొంచెం చెక్కుచెదరకుండా కనబడింది. అప్పుడు గానీ మిగతాదంతా పంపలేదు.

పని అయిపోయి పదాల కాగితాన్ని భద్రపరిచి తలుపు తీసేసరికి అన్న రాంప్రసాద్, వదిన లత వచ్చి ఉన్నారు. పక్క గల్లీలోనే వాళ్ల ఇల్లు. రాంప్రసాద్ చేతిలో వేడి వేడి శనగపిండి లోచో పొట్లం ఉంది. అతను జోల్వాలోనే ఒక సాంచాల కార్ఖానాలో మాస్టర్. చెల్లెలిని చూసి తనూ రెండు మూడేళ్లుగా బిట్‌కాయిన్ కూడబెడుతున్నాడు. సేఠ్ దగ్గర పని మానేసి సొంతంగా సాంచాలు వేసుకోవాలని అతని ఆశ.

టేబుల్ మీది వాలెట్ చూసి అతని ముఖం వెలిగిపోయింది.

“అరే, నువ్వు సుత తెచ్చినవా? నేను నెల కిందనే తీసుకున్న. కడోదరాల మన మొబైల్ దుకాణపాయన లేడా, ఆయన సస్తాకు ఇచ్చిండు. నీ లెక్క గింత మెహనత్ లేకుండె. రాసుకునుడు గీసుకునుడు ఏం లేదు. మాటలన్ని కార్డు మీద ముందే అచ్చేసి ఉన్నయి. పిన్ సుత ఆయనే పెట్టిచ్చిండు.”

లోచో పళ్లెంలో పెడుతున్న సింధూజ చేయి ఆగిపోయింది.

“ముందే అచ్చేసి ఉన్నయా?”

“అవును. రెడీమేడ్.”

“అన్నా, నీ కాయిన్లు దాంట్లకు పంపినవా?”

“అన్నీ పంపిన. దీవాళీ బోనస్ పడ్డంక ఇంకిన్ని కొని దాంట్లనే ఏస్తనని ఆయనకు సుత చెప్పిన.”

సింధూజ పళ్లెం కింద పెట్టింది. గొంతు మాత్రం పెంచలేదు. “వదినా, తాళాలు నీ దగ్గరున్నయా? ఆ డబ్బీ, ఆ కార్డు తీస్కరా. జల్దీ పోయి రా. అన్నా, నువ్వు ఈడ కూసో. ఆ దుకాణపాయనకు ఫోన్ చెయ్యకు.”

“ఎందుకు? ఏమైంది?”

“ఆ మాటలు డబ్బీ తనంతట తను పుట్టించాలె. నువ్వు తప్ప ఇంకో మనిషి చూడొద్దు. ముందే అచ్చేసి వచ్చినయంటే, అచ్చేసినోని దగ్గర ఇంకో నకలు ఉన్నట్టే. నీ ఇంటికి నువ్వు తాళమేసుకున్నవ్, చెవి ఆయన జేబుల ఉంది.”

రాంప్రసాద్ ముఖంలో రంగు మారింది. “మరి నెల రోజుల నుంచి ఎందుకు తియ్యలే? నిన్ననే చూసిన, అన్నీ ఉన్నయి.”

“బోనస్ ఏస్తనని నువ్వే చెప్తివి కద. గంప నిండినంక ఎత్తుకపోదామని చూస్తున్నడేమో.”

అతను లేచి నిలబడ్డాడు. ఎక్కడికి వెళ్లాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. ఎల్లవ్వ చాట పక్కన పెట్టి వచ్చి కొడుకు భుజం మీద చేయి వేసింది.

లత ఆయాసపడుతూ వచ్చింది. సింధూజ ఆ వాలెట్‌ను కంప్యూటర్‌కు తగిలించి, పిన్ అన్న చేతే కొట్టించింది. కాయిన్లు ఇంకా ఉన్నాయి.

“ఇప్పుడు వీటిని నా డబ్బీకి పంపుతున్న. నీకు కొత్తది వచ్చేదాక నా దగ్గర ఉంటయి. భరోసా ఉందా?”

“నువ్వు పంపు చెల్లె, ఆలస్యం చెయ్యకు.”

“ఉందా, లేదా చెప్పు. నీ సొమ్ము.”

“ఉంది” అన్నాడు రాంప్రసాద్.

సింధూజ సొమ్ము చేరాల్సిన చోటుకి తన వాలెట్ తెర మీద వచ్చిన చిరునామాను, అన్న వాలెట్ తెర మీద వచ్చినదాన్ని పక్కపక్కన పెట్టి ఒక్కొక్క అక్షరం చదివింది. లత వెనకాల నిలబడి తనూ చదివింది. రెండూ కలిశాయి. తొందరగా చేరడానికి ఎక్కువ ఫీజు పెట్టింది. చివర్లో కొద్దిపాటి బిట్‌కాయిన్ మాత్రం కదపకుండా వదిలింది.

“అది ఎందుకు ఇడిసిపెట్టినవ్?” అన్నాడు రాంప్రసాద్.

“నా మాట మీద నమ్ముడు వద్దు. దాన్ని ఏం చేస్తరో నీ కండ్లతోని చూడు.”

రాంప్రసాద్ బటన్ నొక్కాడు. నెట్‌లో ఆ బదిలీ ఖాయం కావడానికి కొంత సమయం పడుతుంది. వీధిలో పాత ఇనుము కొనేవాడు హిందీలో అరుస్తూ పోయాడు. లోచో చల్లారిపోయింది. ఆఖరికి సింధూజ తన తెర అతనివైపు తిప్పింది. మొత్తం చేరింది.

రాంప్రసాద్ రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. లత గోడకు ఆనుకుని ఏడ్చేసింది.

ఎల్లవ్వ మళ్లీ చాయ్ పెట్టింది. కప్పులు ఖాళీ కాకముందే సింధూజ అన్నను పిలిచింది. పాత వాలెట్‌లో వదిలిన ఆ కొద్దిపాటిది కూడా లేదు. ఎవరూ ఏ బటనూ నొక్కలేదు. అది ముక్కూమొహం తెలియని ఏదో చిరునామాకు వెళ్లిపోయింది. అసలు సొమ్ము కదలడం అవతలివాడు చూశాడు, దొరికిన కాస్తనైనా లాక్కున్నాడు.

రాంప్రసాద్ తెర మీది నుంచి కళ్లు తిప్పి లేచాడు. ఉన్నట్టుండి చెప్పులు తొడుక్కున్నాడు.

“ఏడికి?” అంది లత.

“మా కార్ఖానాల రాజమల్లు, పరమేశ్వర్ సుత ఆయన దగ్గరనే కొన్నరు. నేనే చెప్పి కొనిపించిన. సింధూ, నువ్వు సుత నడువు. నేను చెప్తే వాళ్లకు సమజ్ కాదు.”

లతతో కలిపి ముగ్గురూ స్కూటరు మీద ఇరుక్కుని వాళ్ల ఇళ్లకు వెళ్లారు. పరమేశ్వర్ వాలెట్ పెట్టెలోనే ఉంది, ఇంకా ఏమీ వేయలేదు. రాజమల్లుది మాత్రం వారం కిందటే ఖాళీ అయింది. యాప్ చెడిపోయిందనుకుని, బాగు చేయమని దుకాణదారుకే ఇచ్చి వచ్చాడట. సంగతి తెలిసి అతను అరుగు మీద కూలబడ్డాడు. రాంప్రసాద్ అతని పక్కనే కూర్చుని, “నేను తెచ్చిపెట్టిన ముసీబత్ ఇది. నేనే నీతోని తిరుగుత” అన్నాడు. అన్నట్టే తిరిగాడు. ఆ రోజే సైబర్ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. అచ్చేసిన కార్డులు, బిల్లులు, సొమ్ము వెళ్లిన చిరునామాలు అన్నీ సింధూజ వరుసగా పెట్టి ఇచ్చింది. నాలుగు రోజుల తర్వాత పోలీసులు దుకాణదారును పట్టుకున్నారు. రాజమల్లు సొమ్ము ఇంకా చేతికి రాలేదు, కేసు మాత్రం నడుస్తోంది.

రాంప్రసాద్ కొత్త వాలెట్ కంపెనీ నుంచి వచ్చిన రోజు పెట్టె తెరవకుండా చెల్లెలి దగ్గరికే తెచ్చాడు.

“నాకు ఇంగ్లీషు స్పెల్లింగులు రావు. నువ్వే రాసియ్యి సింధూ.”

“నేను రాయ. పిన్ పెట్టెదాక చెప్త, అంతే. మాటలు వచ్చే టయానికి నేను బయటికి పోత.”

“నువ్వేమన్న పరాయిదానివా?”

“పరాయిదాన్ని కాను. అయినా చూడొద్దు. నువ్వు, వదినె, అంతే.”

తెర మీద మొదటి పదం వస్తోందనగా ఆమె లేచి బాల్కనీలోకి వెళ్లి తలుపు మూసింది. లోపల లత ఒక్కో అక్షరం పలుకుతోంది, రాంప్రసాద్ బడిపిల్లాడిలా వంగి రాస్తున్నాడు. మధ్యలో ఒకసారి “అది యం కాదు, యన్!” అని లత కసిరింది. సింధూజ వెంటనే రెండు చెవులూ మూసుకుంది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. రాంప్రసాద్ నుదుటి మీద చెమట పట్టి ఉంది.

“అయింది. మళ్ల అడిగితే సుత తప్పు పోలేదు” అన్నాడు. “ఇగ నా కాయిన్లు నాకు పంపు.”

“ముందు కొంచెం పంపుత. అది చేరినంక డబ్బీ తుడిచెయ్యాలె, నువ్వు రాసినవి చూసి మళ్ల ఎక్కియ్యాలె.”

“అంతా తుడుసుడా?” రాంప్రసాద్ భార్యవైపు చూశాడు. లత తల ఊపింది. అతను కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నాడు.

“సరే, పంపు.”