గ్లెనిస్ ఇంటి ముందు తుంగ

మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఆస్పత్రి నుంచి గ్లెనిస్ ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు తోట లేదు. నున్నగా గొరిగిన నేల ఉంది. పక్కింటి క్లారీ గడ్డి కోసే మెషిన్ మీద చెయ్యేసుకుని పెళ్లికొడుకులా నిలబడి ఉన్నాడు.

"నువ్వు లేవు కదా అని నీ వైపు కూడా కోసేశా. థాంక్సూ గీంక్సూ ఏం అక్కర్లేదులే!"

వాటిల్ వీధిలో అది మర్యాద. పక్కవాళ్లు మంచాన పడితే, వాళ్ల ఇంటి ముందు రోడ్డు పక్క గడ్డి కూడా మనమే కోసిపెడతాం. దానికి ఎదురు తిట్టినవాళ్లు ఇంతవరకూ లేరు. గ్లెనిస్ నోటిదాకా వచ్చిన తిట్టుని మింగేసింది.

ఎందుకంటే క్లారీ కోసింది గడ్డి కాదు, తుంగ. మాది ఏటవాలు వీధి. వాన పడితే కుక్కల పెంట, కార్ల నూనె, కుళ్లిన ఆకులు అన్నీ కాలువ పట్టుకుని తిన్నగా వీధి దిగువన ఉన్న సరస్సులో కలుస్తాయి. ఆపైన రోజుల తరబడి నీళ్లు పచ్చగా కంపు కొడతాయి. పొద్దున్నే సరస్సులో మునగందే టీ రుచించని మనిషి గ్లెనిస్. అలాంటిది వాన పడ్డప్పుడల్లా ఒడ్డున నిలబడి ఉసూరుమనడమే అయింది. అందుకే కౌన్సిల్ వాళ్ల వెంటపడి, ఇంటి ముందు పల్లంగా తవ్వించి, అడుగున గొట్టం వేయించి, పైన ఇసుక పోయించి, తుంగ నాటించింది. రోడ్డు నీళ్లు అందులోకి దిగి, వడకట్టుకుని సరస్సుకి పోవాలి. శనివారం వీధివాళ్లంతా చూడ్డానికి వస్తారు. నచ్చితే ప్రతి ఇంటి ముందూ ఒకటి వేస్తారు. నచ్చకపోతే దీన్నీ పూడ్చేస్తారు.

"క్లారీ, అది కలుపు కాదయ్యా," అని మొదలుపెట్టి మొత్తం చెప్పింది.

క్లారీ మొహం మాడిపోయింది. "మరి ఓ బోర్డు పెట్టి చావొచ్చుగా!"

"పెట్టాను. దాని ముక్కలు నీ మెషిన్ కిందే ఉన్నాయి, చూసుకో."

అంతకుముందు దాన్ని కలుపు మొలిచిన దోమల గుంట అని వెక్కిరించిన మనిషే, ఆ రోజు నుంచి మడత కుర్చీ వేసుకుని ఆ మోళ్లకి కాపలా కూర్చున్నాడు. కుక్క వాసన చూసినా కసిరేవాడు. ఎవరైనా కారు అటు తిప్పితే, "కళ్లు నెత్తికెక్కాయా?" అని లేచేవాడు.

శనివారం వానని వెంటబెట్టుకునే వచ్చింది. గొడుగుల కింద చేరిన జనం మోళ్లని చూసి నవ్వారు.

"ఇదా తోట? మా తాత గడ్డం దీనికంటే నయం!" అన్నాడు చివరింటి రాస్.

రోడ్డు మీద మురుగునీళ్లు సుడి తిరుగుతూ వచ్చి పల్లంలోకి దూకాయి. పల్లం అంచుదాకా నిండింది. అయినా నీళ్లు పొర్లలేదు. నిదానంగా ఇసుకలోకి ఇంకాయి. కౌన్సిల్ ఇంజనీరు నరెల్ కింది గొట్టం నుంచి ఒక గ్లాసుడు, కాలువలోంచి ఒక గ్లాసుడు పట్టి పక్కపక్కన చూపించింది. కాలువది బురద, గొట్టంది దాదాపు తేట.

"వేళ్లు బతికే ఉన్నాయి. తుంగ మళ్లీ లేస్తుంది," అంది నరెల్.

"ఏమో బాబూ, దీని కోసం మా గడ్డి తవ్వుకుంటామా?" అని రాస్ సణిగాడు. అవునన్నట్టు చాలా తలలు ఊగాయి.

క్లారీ కుర్చీలోంచి లేచాడు.

"నా చేతులతో నేనే దీన్ని మొదలంటా నరికాను. అయినా దాని పని అది చేస్తోంది. ముందు నా గడ్డి తవ్వండి."

వీధి మొత్తంలో అందమైన గడ్డి అతనిదే. ఎవరి కాలూ పడనివ్వడు. ఆ మాటకి ఒక్కొక్క చెయ్యే పైకి లేచింది, చివరికి రాస్‌ది కూడా. గ్లెనిస్‌కి ఏడుపొచ్చింది. వానలో ఎవరికీ తెలియలేదనుకుంది కానీ అందరికీ తెలిసింది.

జనం వెళ్లాక క్లారీ అడిగాడు. "అయితే నీ సరస్సు రేపటికి బాగుపడిపోతుందా?"

"రేపటికా! అందరి ముందూ వెయ్యాలి, పెరగాలి. రెండు ఎండాకాలాలైనా పడుతుంది."

నలభై ఏళ్లుగా ఆ ఒడ్డునే ఉంటున్న క్లారీ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మంచిదే. ఆ లోపు నీ మోకాలు బాగయ్యాక నన్ను స్విమ్మింగ్ పూల్‌కి తీసుకెళ్లి ఈత నేర్పు. వీధిలో ఎవరికీ చెప్పకు."