పోశాలు నవ్వినందుకు

నేను ఒక డప్పును. లండన్‌లో ఒక మ్యూజియం గోదాములో, మెత్తటి కాగితాల మధ్య పడుకుని ఉన్నాను. నన్ను ముట్టుకోవాలంటే ఇక్కడి మనుషులు చేతులకు తొడుగులు వేసుకుంటారు. నేను పుట్టిన ఊళ్ళో కూడా పెద్దకులాల వాళ్ళు నన్ను ముట్టుకోవడానికి జంకేవారు గాని, ఆ కారణం వేరు.

నాలో పగ ఉంది. ఆ సంగతి ముందే చెబుతున్నాను. వస్తువులకు పగ ఉండదనుకోవడం మనుషులకు హాయిగా ఉంటుంది. గోడకు తగిలించి మరిచిపోవచ్చు కదా.

నన్ను చేసినవాడు జన్ను పోశాలు. నిజాం రాజ్యంలో, పాకాల అడవి అంచున ఉన్న గోగుపల్లి ఆయన ఊరు. వేపచెక్కను వంచి చట్రం చేశాడు. చచ్చిన దూడ తోలును సున్నపు నీళ్ళలో నానబెట్టి, గీకి, చింతగింజల జిగురుతో బిగించాడు. గడ్డిమంట మీద నన్ను కాచి మొదటి దెబ్బ కొట్టినప్పుడు నాకంటే ముందు ఆయనే గట్టిగా నవ్వాడు. పోశాలుకు నవ్వు ఆగదు. "గంతగనం నవ్వితే పండ్లు రాల్తయ్" అని భార్య బూదవ్వ కసిరితే, దానికీ నవ్వేవాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు, చంకలో ఏడాది కొడుకు.

ఆ ఎండాకాలం ఒక ప్రిన్సు పులివేటకు వస్తున్నాడని కబురొచ్చింది. ఇంగ్లండు రాజకుటుంబంలో, సింహాసనానికి చాలా దూరంగా పుట్టినవాడు. అంత దూరంగా పుట్టినవాడి కోసం కూడా మా చుట్టుపక్కల తొమ్మిది ఊళ్ళ జనం నెల రోజులు వెట్టికి పోయి అడవిలో బాట వేశారు. డేరాలు లేచాయి. మంచుగడ్డలు బండ్ల మీద వచ్చాయి. మా వాళ్ళు వాటిని ముట్టుకుని, చేతులు వెనక్కి తీసుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పట్వారీ వాడకట్టుకు వచ్చి, దూరంగా నిలబడి కేకేశాడు.

"రేపు తెల్లారెవరకు డప్పులోళ్ళందరు అడివిల ఉండాలె. రానోని గుడిసె ఉండది!"

"పులిని కొట్టేది దొర, పులికి ఎదురువొయ్యేది మేమా, అయ్యా?" అన్నాడు పోశాలు.

పట్వారీ వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. పోశాలు పేరు మాత్రం గుర్తు పెట్టుకున్నాడు. మర్నాడు వరుసలో ఆయన్ను అందరికంటే ముందు, దొర కూర్చున్న మంచెకు దగ్గరగా నిలబెట్టారు.

మూడు వందల మంది అడవిని చుట్టుముట్టి డప్పులు కొడుతూ ముందుకు నడిచాం. కుందేళ్ళు పోయాయి, దుప్పులు పోయాయి. పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు వెదురు పొదల్లోంచి పులి బయటికి వచ్చింది. దొర పేల్చాడు. గుండు మద్దిచెట్టుకు తగిలింది. మళ్ళీ పేల్చాడు. దుమ్ము లేచింది. పులి ఆగి, మంచె వైపు ఒకసారి చూసి, తన ఇంట్లో తాను నడిచినట్టుగా నెమ్మదిగా అడవిలోకి వెళ్ళిపోయింది.

డప్పులు ఆగాయి. అడవంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పోశాలు నవ్వాడు.

అందులో ఎగతాళి లేదని నేను చెప్పగలను. నేను ఆయన రొమ్ముకు ఆనుకునే ఉన్నాను. పులి తన మీదికి రాలేదు, ఇంటికి పోయి కొడుకును చూసుకోవచ్చు. ఆ నవ్వు అంతే.

మంచె మీద దొర తల తిప్పాడు. తుపాకి కూడా తిప్పాడు. రెండో గుండుకూ మూడో గుండుకూ మధ్య నేను నాలుగు దెబ్బలు పలికేంత వ్యవధి ఉంది. చెయ్యి జారితే అంతసేపు పట్టదు. గురి చూస్తేనే పడుతుంది. పులి మీద కుదరని గురి ఆయనకు పోశాలు మీద కుదిరింది.

పోశాలు నా మీదే పడ్డాడు. ఆయన నెత్తురు నా చట్రంలోకి ఇంకింది.

వేట ఏర్పాట్లు చూస్తున్న నిజాం అధికారి తాలూక్‌దారు అక్కడికక్కడే కాగితం తెప్పించి 'పులి దాడిలో మరణం' అని రాయించాడు. దొర మంచె దిగి, చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. సాయంత్రం డేరాలు విప్పుతుంటే, పులి చర్మం లేకుండా తిరిగి వెళ్ళాలే అని బాధపడి, నన్ను పెట్టెలో పెట్టమన్నాడు. ఖాళీ చేతులతో వెళ్ళడం ఆ వంశంలో లేదు.

ఇంగ్లండులో ఒక పెద్ద భవంతి మెట్ల మీద, సగ్గుబియ్యపు రంగు గోడకు నన్ను తగిలించారు. నాకు కుడివైపు దుప్పి తల, ఎడమవైపు అడవిదున్న తల. వచ్చిన అతిథులందరికీ దొర కథ చెప్పేవాడు. పులి దూకిందట, తాను ఒక డప్పులవాణ్ణి కాపాడాడట, వాడు కన్నీళ్ళతో తన డప్పు బహుమానంగా ఇచ్చాడట. చెప్పిన ప్రతిసారీ పులి ఒక అడుగు పొడుగయ్యేది. ఆడవాళ్ళు నిట్టూర్చేవారు. నేను గోడ మీద బిగుసుకుపోయి, ఆ మనిషి ఆ మెట్ల మీదే జారి మెడ విరగ్గొట్టుకోవాలని రోజూ కోరుకునేదాన్ని. ఆయన ఎనభై రెండేళ్ళు బతికి, ఐదుగురు డాక్టర్ల మధ్య, మెత్తటి పరుపు మీద పోయాడు. ఆయన మీది పగను ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. భవంతి ఎవరికి వెళ్ళిందో, నా పగ కూడా వాళ్ళకే వెళ్ళింది.

ఏళ్ళు గడిచాయి. భవంతికి ఖర్చులు ఎక్కువై దొర మునిమనవడు గోడల మీది సరుకునంతా, హక్కు తన దగ్గరే ఉంచుకుని, మ్యూజియానికి అప్పగించాడు. నా పక్కన చీటీ పెట్టారు. 'వేట డప్పు. గోగుపల్లి. స్థానికులు ప్రిన్సుకు కృతజ్ఞతతో సమర్పించినది.'

ఆ చీటీ చదవడానికి స్వరూప వచ్చింది.

రాజకుటుంబపు వేటల మీద ప్రదర్శన పెడుతూ, ప్రారంభానికి తెలంగాణ నుంచి డప్పుల బృందాన్ని పిలిపించారు. అందులో ఒకామె జన్ను స్వరూప. వరంగల్‌లో బడిపంతులమ్మ. ముందు రోజు హాలు చూడడానికి వచ్చి, ఊరి పేరు దగ్గర ఆగిపోయింది. వెంటనే ఫోను తీసి వాళ్ళ తాత సాయిలుకు చేసింది. ముసలాయనకు చెవుడు. ఆయన అరుపు నాకు అద్దంలోంచి కూడా వినిపించింది.

"తాతా, మీ తాత పోశాలు ఎట్ల సచ్చిపోయిండే?"

"పులి సంపిందని కాయితంల రాసిండ్రు బిడ్డా. మా నాయనమ్మ బూదవ్వ ఒప్పుకోకపోయేది. పులి తుపాకి పట్టదు గదా అనేది. రొమ్ముల గుండు గాయం ఆమె కండ్లార చూసింది."

"మరి ఆయన డప్పు?"

"దొర తీస్కపోయిండు. ఎందుకే?"

స్వరూప నా వైపు చూసింది. "ఇక్కడున్నదే తాతా" అంది.

మ్యూజియం అధికారిణి హెలెన్ మంచి మనిషి. స్వరూప చెప్పిందంతా రాసుకుంది, కళ్ళు తుడుచుకుంది, చీటీ మార్చడానికి కమిటీ కూర్చోవాలంది. కమిటీ ఏడాదికి రెండుసార్లు కూర్చుంటుందట.

మర్నాడు మధ్యాహ్నం ప్రారంభోత్సవం. దొర మునిమనవడు వచ్చాడు. ఎర్రటి బుగ్గలు, మర్యాదైన మాట. కొత్త డప్పుల మోత విని ముచ్చటపడి, తన ముత్తాత డప్పు కూడా వినాలని ఉందన్నాడు. తోలు పాతదని, కొట్టకూడదని హెలెన్ వారించింది. "నాది నేను వినకూడదా?" అని నవ్వాడు. అద్దం తీయించి, నన్ను తన చేతులతోనే స్వరూపకు అందించాడు.

హాలులో మంట పెట్టనివ్వరు. స్వరూప జుట్టు ఆరబెట్టుకునే మిషను తెప్పించి నన్ను కాచింది. నూరేళ్ళ తరవాత తోలు బిగిసింది. నేను ఎక్కువసేపు ఆగలేనని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు, వేళ్ళతో తడిమి చూసుకుంది.

ఆమె స్వాగతం కొట్టలేదు. చావుదెబ్బ కొట్టింది. శవం ముందు నడుస్తూ కొట్టే దెబ్బ అది. బృందంలో మగవాళ్ళు ఒక్కసారి తలెత్తి చూశారు. తరవాత ఒక్కొక్కరే తమ డప్పులు దించి, తలలు వంచారు. అతిథులకు ఏమీ తెలియక కాళ్ళతో తాళం వేశారు. దొర మునిమనవడు కూడా వేశాడు. వెయ్యి, ఇంకా వెయ్యి, అనుకున్నాను. చివరి దెబ్బకు నా తోలు ఈ చివర నుంచి ఆ చివరకు చిరిగిపోయింది.

చప్పట్లు మోగాయి. ఆయన ముందుకొచ్చి, అద్భుతంగా ఉంది, ఇది ఏ పండగ దరువు అని అడిగాడు. స్వరూప ఇంగ్లీషులోనే చెప్పింది. నాకు మాత్రం అది గోగుపల్లి మాటలాగే వినపడింది.

"పండుగది కాదు. పీనుగను తీస్కపోయేటప్పుడు కొడ్తం. మా పోశాలు తాతను మీ ముత్తాత కాల్చిండు. ఊరందరి సావుకు దెబ్బ కొట్టినోడు ఆయన. ఆయన సావుకు మాత్రం దెబ్బ లేదు. మీ దొరకు భయపడి ఒక్కడు డప్పు ముట్టలె. ఆయనదేమో మీ పెట్టెల ఉండె. మీరే ఇయ్యాల ఇప్పించిండ్రు, కొట్టిన."

ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. పోశాలును దెబ్బ లేకుండా పంపారని నూరేళ్ళుగా నాకు తెలియదు.

ఆయన మొహంలో నెత్తురు దిగిపోయింది. చేతిలో గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు. "నన్నేం చేయమంటారు?" అన్నాడు చివరికి. నూరేళ్ళుగా నేను ఎదురుచూసిన మొహం అది. జాలి పడతానేమో అనుకున్నాను. పడలేదు.

"డప్పు మాకియ్యుండ్రి. కాయితం మార్చుండ్రి" అంది స్వరూప.

ఆయన ఆలోచిస్తానన్నాడు. ఇంకా ఆలోచిస్తున్నాడు. కమిటీ మాత్రం కూర్చుంది. ఇప్పుడు నా కొత్త చీటీలో పోశాలు పేరుంది. పక్కనే 'వేటలో ప్రమాదవశాత్తు మరణించినవాడు' అని ఉంది. చిరిగిన తోలుకు అతుకు వేస్తామని హెలెన్ రాస్తే, వద్దు, ఆ చిరుగు మాదే, అలాగే ఉంచమని స్వరూప జవాబు రాసింది.

'ప్రమాదవశాత్తు' అన్న ఆ ఒక్క మాట మీద ఇప్పటికి ఆమె పదకొండు ఉత్తరాలు పంపింది. మొన్న వచ్చినదాన్ని హెలెన్ నా పక్కనే నిలబడి పైకి చదివింది. కింద సాయిలు వేలిముద్ర కూడా ఉందట. పన్నెండోది వస్తుంది. నాకు తొందర లేదు.