తండ్రి సంతకం గడి

"అక్కడికెళ్లి నేనేం మాట్లాడాలి?" అని అడిగాడు కిరణ్‌కుమార్, పొద్దున్న ఏడింటికి షర్టు గుండీలు పెట్టుకుంటూ.

నాగవేణి ఒక చేత్తో పచ్చడికి పోపు వేస్తూ, రెండో చేత్తో చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది. వన్‌టౌన్ బట్టల కొట్టులో వద్దని లేచినవాళ్లను కూడా మాటలతో కూర్చోబెట్టి, పది చీరలు అంటగట్టి పంపించే మనిషి, రెండో తరగతి టీచరు ముందు ఏం మాట్లాడాలో తెలియక అడుగుతున్నాడు. నవ్వొచ్చింది. నవ్వితే వెళ్లడం మానేస్తాడేమోనని ఆ నవ్వును మింగేసి, పోపులో ఇంగువ వేసింది.

"సాయిశ్రీ ఎలా చదువుతోందో అడగండి. ప్రోగ్రెస్ కార్డు ఇస్తారు, సంతకం పెట్టండి. అంతే."

"అక్కడంతా ఆడవాళ్లే ఉంటారు కదా."

"మగవాళ్లు వెళ్లరు కాబట్టి ఆడవాళ్లే ఉంటారు."

హాల్లోంచి అత్తగారు సుబ్బరత్నం అందుకుంది. "శనివారం పూట బేరాల వేళకి కొట్టు వదిలేసి మగాడు బళ్లో కూర్చోవటం మేమెరగం తల్లీ. వీడు ఏ క్లాసు చదువుతున్నాడో మీ మావగారికి చివరిదాకా తెలీదు." ఆ మాట చెప్పడంలో ఆవిడకి చిన్నతనమేమీ కనపడలేదు. కాస్త గొప్పగానే చెప్పింది.

కంకిపాడులో ఒక స్కూలు వాళ్లు గురువారం ఫోన్ చేశారు, శనివారం పదకొండింటికి వచ్చి డెమో క్లాసు చెప్పమని. ఆ రోజు రాకపోతే ఇంకొకరిని తీసుకుంటామని కూడా అన్నారు. పెళ్లికి ముందు నాగవేణి రెండేళ్లు పాఠం చెప్పింది. తరవాత తొమ్మిదేళ్లుగా సుద్దముక్క పట్టుకున్నది ఇంటి ముందు ముగ్గుకే. సరిగ్గా అదే శనివారం సాయిశ్రీ బళ్లో పేరెంట్స్ మీటింగ్. నాలుగేళ్లుగా ప్రతి మీటింగుకూ తనే వెళ్లింది. కృష్ణాష్టమికి గోపిక వేషం, టీకాల సర్టిఫికెట్టు, పోయిన నీళ్ల సీసా, తలలో పేలున్నాయని వచ్చిన చీటీ, అన్నీ తనే చూసుకుంది. ఆ బళ్లో ఆయా మొదలు ప్రిన్సిపాల్ దాకా అందరికీ ఆమె సాయిశ్రీ మమ్మీ. నాగవేణి అనే పేరుందని అక్కడ ఎవరికీ తెలియదు. ఈ ఒక్కసారి మీరు వెళ్లండి అని అడిగితే కిరణ్‌కుమార్ గురువారం "చూద్దాం" అన్నాడు, శుక్రవారం "సరేలే" అన్నాడు. ఆ సరేలే మీద నమ్మకం పెట్టుకునే బస్సెక్కింది.

బెంజ్ సర్కిల్ దగ్గర మొదటి ఫోను. "సెక్షను ఏంటి? ఏ నా, బీ నా?"

"బీ."

కానూరు దాటాక రెండోది. "రోల్ నంబరు అడుగుతున్నారు."

"పదిహేడు. పాప పక్కనే ఉందిగా, దాన్ని అడగొచ్చుగా."

"అవునులే," అన్నాడు, ఆ సంగతి అప్పుడే తట్టినట్టు.

మూడోది కంకిపాడు బళ్లో, పదకొండుకి ఐదు నిమిషాలుందనగా వచ్చింది. ఆ బడి ఆయా మణెమ్మ, క్లాసులోకి ఫోన్లు పనికిరావని చిన్న బుట్ట పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. ఈసారి చేసింది కిరణ్‌కుమార్ కాదు, సాయిశ్రీ క్లాస్ టీచరు సింధూరి.

"ఏమనుకోవద్దు మేడమ్. పాప నాన్న అనే అంటోంది, కాదనట్లేదు. కానీ ఈయన పెట్టిన సంతకం, నాలుగేళ్లుగా కార్డుల మీదున్న సంతకం ఒకటి కావండీ. అడ్మిషన్ ఫారం కూడా తీసి చూశాం, దాని మీద మీ సంతకం ఒక్కటే ఉంది. ప్రిన్సిపాల్ మేడమ్ కార్డు ఇవ్వొద్దంటున్నారు."

నాగవేణి చెవులు వేడెక్కాయి. ఎల్కేజీ మొదటి కార్డు వచ్చినప్పుడు కిరణ్‌కుమార్ స్కూటర్ మీదే ఉండి, "సంతకమేగా, నువ్వు గీకెయ్, ఎవడు చూడొచ్చాడు" అని వెళ్లిపోయాడు. ఆ కార్డులో తండ్రి సంతకానికి గడి ఉంది. తల్లి సంతకానికి లేదు. అప్పట్నించీ ఆ గడిలో ఆయన పేరు, తన గుండ్రటి అక్షరాలతో. నాలుగేళ్లు తనే అమ్మ, తనే నాన్న. తీరా అసలు మనిషి వెళ్లి పెడితే అది దొంగ సంతకమైంది.

"అవన్నీ నేను పెట్టినవేనండీ. ఇవాళ పెట్టిందే ఆయనది," అంది.

"మరి ఇన్నాళ్లూ?"

"ఇన్నాళ్లూ ఆయన రాలేదండీ."

సింధూరి గొంతు తగ్గించి, "నా క్లాసులో ముప్ఫై రెండు కార్డులున్నాయి మేడమ్. ఇంకెన్ని ఇలాంటివో" అంది. "ఒక్కసారి మీరొచ్చి ప్రిన్సిపాల్ మేడమ్‌తో చెప్పేస్తే అయిపోతుంది. మీ ఇల్లు దగ్గరేగా."

వెనకనించి కిరణ్‌కుమార్ గొంతు వినిపించింది. "తన్నే రమ్మనండి, నాకివన్నీ తెలీవు."

నాగవేణి కాళ్లు వాటంతటవే గేటు వైపు తిరిగాయి. అలవాటు అంత పని చేస్తుంది. "అమ్మా, పిల్లలు కూర్చున్నారు, లోపలికి రమ్మంటున్నారు," అంది మణెమ్మ.

"నేను రాలేనండీ. ఏం కావాలన్నా ఆయన్నే అడగండి. తెలీకపోతే తెలుసుకుంటారు," అని కాల్ కట్ చేసి ఫోను బుట్టలో వేసింది. లోపలికెళ్లి సుద్దముక్క తీసుకుంది. బోర్డు మీద మొదటి వరస వంకరగా వచ్చింది. రెండో వరసకి పిల్లల మొహాలు కనపడ్డాయి, అక్షరాలు కుదురుకున్నాయి, పది నిమిషాలయ్యాక తనకో ఇల్లుందన్న సంగతే మర్చిపోయింది.

సోమవారం వచ్చి చేరమన్నారు.

బుట్టలోంచి ఫోను తీసి చూస్తే ఒక్క మిస్డ్ కాలూ లేదు. వచ్చిన ఫోన్లకంటే రాని ఫోనుకి ఎక్కువ భయమేసింది. కోపంతో పిల్లని లాక్కొచ్చేశాడేమోనని దారిపొడుగునా అనుకుంటూ ఇంటికొస్తే, వాళ్లింకా రాలేదు. రెండున్నరకి వచ్చారు, సాయిశ్రీ నాన్న చెయ్యి పట్టుకుని ఊపుకుంటూ. కార్డు ఆయన జేబులో ఉంది.

"ప్రిన్సిపాల్ రెండు గంటలు కూర్చోబెట్టింది," అన్నాడు నీళ్లు తాగి. "సంతకం గురించి అందరి ముందూ అడిగింది. ఇన్నాళ్లూ పెట్టింది నువ్వేనని నేను ఒప్పుకున్నాకే కార్డిచ్చింది. సిగ్గేసింది వేణీ."

"నా మీద కోపమొచ్చిందా?"

"గీకెయ్ అన్నది నేనేగా." గ్లాసు కింద పెట్టి అన్నాడు, "ఖాళీగా ఉన్నాను కదా అని పాప బెంచీలో దాని పక్కనే కూర్చున్నా. ఆఖరి బెంచీ. బోర్డు మీదున్నది చదవమంటే చదవలేకపోయింది. రోజూ పక్క పిల్ల పుస్తకంలో చూసి రాసుకుంటుందంట. దానికి బోర్డు కనపడట్లేదు."

ఆ పిల్ల జ్వరం ఒళ్లు ముట్టుకోకుండా చెప్పగలదు నాగవేణి. అలాంటిది, తనకి తెలియని సంగతి ఆయనకి ఒక్క పూటలో తెలిసింది. ముందు కుళ్లు పుట్టింది, దాచుకోవడమెందుకు. ఆ వెనకే కళ్లు తడిశాయి. పిల్లని చూసే కళ్లు ఇంట్లో ఇంకో రెండు ఉన్నాయి. నాలుగేళ్లు ఆ రెండు కళ్లూ కొట్టులోనే ఉండిపోయాయి.

"సోమవారం కంటి డాక్టరుకి చూపించుకురా," అన్నాడు మామూలుగా.

పోనీలే, చేరడం మంగళవారం నించి అని అడుగుదామా అన్న ఆలోచన వచ్చింది. దాన్ని అక్కడే ఆపింది.

"సోమవారం నాకు బడి ఉందండీ."

కిరణ్‌కుమార్ ఆమె వైపు చూశాడు. సుబ్బరత్నం ఏదో అనబోయి కొడుకు మొహం చూసి ఊరుకుంది. అతను ఫోను తీసి కొట్టు యజమాని బసవపున్నయ్యకి చేశాడు. సోమవారం రాలేనండీ, పాపని డాక్టరుకి చూపించాలి అంటే, ఆయన గొంతు గదంతా వినపడింది. "అదేంటయ్యా, మీ ఆవిడ లేదా?"

"ఉందండీ. తనకి ఉద్యోగం," అన్నాడు కిరణ్‌కుమార్.

ఫోను పెట్టేసి, పరీక్ష పాసైనవాడిలా ఇటు తిరిగాడు. నాగవేణికి ముచ్చటేసింది. ఎంత మంచివారండీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినందుకు మెచ్చుకునే ఆనవాయితీ ఆ ఇంట్లో ఏనాడూ లేదు. కొత్తగా ఇవాళ మొదలుపెట్టడం దేనికని ఊరుకుంది.