పగులు మీద గాజు

పెద్ద మేస్త్రీకి లోకంలో ఎవరిమీదా అసూయ లేదు, ఒక్క చిన్న మేస్త్రీ మీద తప్ప. ఆ ఒక్కడి మీద ఉన్నది మాత్రం పదిమందికి పంచినా ఇంకా మిగిలేటంత. ఇద్దరూ తోడల్లుళ్ళు. అక్కని పెద్దవాడు చేసుకుంటే చెల్లెల్ని చిన్నవాడు చేసుకున్నాడు. పెళ్ళైన కొత్తలో చిన్నవాడికి పనీపాటా లేకపోతే మామగారు మొహమాటపడుతూ వచ్చి అడిగారు. సరే పంపించండి అని, ఇసుక జల్లించడం దగ్గర్నుంచి గోడకి మట్టం చూడడం దాకా నేర్పి తాపీ చేతికిచ్చింది పెద్దవాడే. ఇప్పుడేమో ఏకు మేకై కూర్చుంది. చిన్న మేస్త్రీ చెయ్యి పడితే గోడ నున్నగా వస్తుందని, మాటంటే మాటేనని అందరూ చెప్పుకోవడమే. ఆఖరికి అత్తగారి వంటింట్లో కొళాయి కారినా ఆవిడ కబురు పెట్టేది చిన్నల్లుడికే.

చిన్నవాడిలో అంత గొప్ప ఏముందో పెద్ద మేస్త్రీకి ఎంత ఆలోచించినా అంతుపట్టేది కాదు. లెక్క రాసుకోడు, బిల్లు సమయానికి ఇవ్వడు, కూలీల పక్కన కూర్చుని వాళ్ళతో పాటే తింటాడు, చీటికీ మాటికీ ఇకిలిస్తాడు. అయినా పనులన్నీ వాడి గుమ్మం వెతుక్కుంటూ వెళతాయి. అన్నిటికన్నా ఒళ్ళు మండేది వాడి పిలుపు. ఎక్కడ కనపడినా, ఎంతమందిలో ఉన్నా, 'అన్నయ్యా' అంటూ నోరారా పిలుస్తూ వస్తాడు. నలుగురి ముందూ అలా పిలిస్తే కసురుకోవడానికి కూడా వీలుండదు.

అలాంటి రోజుల్లో చిన్న మేస్త్రీ ఒక చిక్కులో పడ్డాడు. మందుల షాపాయనకి రెండంతస్తుల ఇల్లు కట్టాడు. రంగులు కూడా వేశాక, ఇంకా ఇంట్లో చేరకముందే, ముందుగదిలో కిటికీ మూల నుంచి పైకి ఏటవాలుగా గోడ బీటవారింది. ఇది ప్లాస్టరింగ్ ఆరేటప్పుడు వచ్చిన పగులు, చెక్కి మళ్ళీ పూస్తానన్నాడు చిన్న మేస్త్రీ. కాదు, పునాది కుంగుతోంది, ఆ గోడ కింద నా పిల్లల్ని ఎలా పడుకోబెట్టమంటావని షాపాయన ఆఖరి బిల్లు ఆపేశాడు. మాటా మాటా పెరిగి లాయర్ల దాకా వెళ్ళింది. తగాదా వస్తే ముందు మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలని ఒప్పందంలోనే ఉండడంతో, ఇంజనీరుగా రిటైరైన ఒకావిడని ఇద్దరూ కలిసి కుదుర్చుకున్నారు. ఆవిడని అందరూ మేడం అనేవారు.

మేడం గోడని ఎగాదిగా చూసి, చూపుతో తేలేది కాదని చెప్పింది. పగులు రెండు రకాలు. వచ్చి ఆగిపోయినది ఒకటి, లోలోపల ఇంకా సాగుతున్నది ఒకటి. ఏదో తెలియాలంటే పగులుకి అడ్డంగా సన్నటి గాజు బద్దలు పెట్టి రెండు చివర్లా సిమెంటుతో అతికించాలి. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు సాగలేదు కాబట్టి పుటుక్కుమంటుంది. కదలకపోతే అలాగే ఉంటుంది. మూడు బద్దలు పెట్టించి, వానాకాలం దాటేదాకా చూద్దామంది. అప్పటిదాకా ఇంటికి తాళం వేసి, నమ్మకమైన పనివాడి చేతికి ఇవ్వాలి. అతను వారం వారం చూసి చెప్పాలి, చివర్న తన అభిప్రాయం కూడా ఇవ్వాలి.

చిన్న మేస్త్రీ తడుముకోకుండా మా అన్నయ్యకి ఇవ్వండి అన్నాడు. చుట్టరికం కదా అని మేడం సందేహించింది. షాపాయన మాత్రం నవ్వేశాడు.

"నాకేం అభ్యంతరం లేదు మేడం. ఆయనకి ఈయనంటే పడదని ఊరందరికీ తెలుసు."

పక్కనే ఉన్న పెద్ద మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. తను కడుపులో పెట్టుకున్నాననుకున్నది ఊళ్ళో చెప్పుకునే మాటగా ఉందన్నమాట.

"పడినా పడకపోయినా గోడ విషయంలో అన్నయ్య అబద్ధం ఆడడు," అన్నాడు చిన్న మేస్త్రీ. అలా తాళంచెవి పెద్ద మేస్త్రీ జేబులోకి వచ్చింది.

దానితో పాటు ఇంకొకటి ముడిపడి ఉంది. స్కూలు వాళ్ళు కొత్త భవనం కట్టించాలనుకుంటున్నారు. తోడల్లుళ్ళిద్దరూ ఆ పని అడిగారు. కమిటీ మొగ్గు చిన్నవాడి వైపే ఉన్నా, ఈ పగులు సంగతి తేలాకే ఖాయం చేస్తామన్నారు. గాజు నిలిస్తే చిన్నవాడికి ఆగిన బిల్లూ వస్తుంది, స్కూలు పనీ వస్తుంది. పగిలితే బిల్లు పోతుంది, గోడ సొంత ఖర్చుతో బాగుచెయ్యాలి, పేరు పోతుంది, స్కూలు పని పెద్దవాడి ఒళ్ళో పడుతుంది. అప్పటికే కూలీలకి ఇవ్వడానికి చిన్నవాడు అప్పులు చేసి ఉన్నాడు.

ఇక పెద్ద మేస్త్రీ వాన కోసం ఎదురు చూడడం మొదలుపెట్టాడు. విత్తనం వేసినవాడు కూడా మబ్బుకేసి అంత ఆశగా చూసి ఉండడు. రాత్రి కుండపోతగా కురిస్తే తెల్లారగానే తాళంచెవి పట్టుకుని బయల్దేరేవాడు. ఆ ఖాళీ ఇంట్లో కొత్త రంగు వాసన, చెక్కపొట్టు వాసన. కిటికీ రెక్క తెరిచి, వెలుతురు గోడ మీద పడేట్టు చేసి, పై బద్దా, నడిమి బద్దా, కింది బద్దా వేలితో తడిమి చూసేవాడు. మూడూ చెక్కుచెదరకుండా ఉండేవి. గోడ కూడా వాడి పక్షమే అనుకుని తాళం వేసుకుని వచ్చేవాడు. వెళ్ళేముందు ఆ ఇంట్లో గుమ్మాలు, మెట్లు, స్లాబు అంచులు చూడకుండా ఉండలేకపోయేవాడు. తప్పు దొరుకుతుందేమోనని చూసేవాడు, మెట్టు మెట్టుకీ ఒకటే ఎత్తు కనపడేసరికి ఆ పూట భోజనం సహించేది కాదు.

వానలు తెరిపిచ్చాయి. రేపో ఎల్లుండో మేడం వస్తుందనగా, ఒక సాయంత్రం మరదలు తన అక్కని చూడడానికి వచ్చింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ వంటింట్లో కూర్చుని మాట్లాడుకుంటుంటే పెద్ద మేస్త్రీ ఇవతల గదిలో చెవులు రిక్కించాడు. స్కూలు పని వస్తే బావగారిని కూడా కలుపుకుని చేద్దామంటున్నాడట చిన్నవాడు. అన్నయ్యకి ఈ మధ్య పనులు తగ్గాయి, అడిగితే ఒప్పుకోడు, నువ్వు అక్కతో చెప్పి చూడు అన్నాడట. పెళ్ళాం పొంగిపోయి, మా మరిది మనసు వెన్న అంది.

ఆ మాటకి పెద్ద మేస్త్రీ కడుపు భగ్గుమంది. పని నేర్పినవాడికి ఇవాళ ఆ పనిలోంచి వాటా విదిలిస్తాడా? వాడు కాదని తోసేసినా ఇంత మండేది కాదు.

మర్నాడు మధ్యాహ్నం ఆ ఇంటికి వెళ్ళాడు. పగులు పైన వెడల్పు ఎక్కువ, గోడ నిజంగా కుంగితే ముందు తెగేది పై బద్దే. కాబట్టి స్టూలు వేసుకుని ఎక్కి, పై బద్ద సరిగ్గా పగులు మీద ఉన్నచోట తాపీ పిడితో ఒక్కటి తట్టాడు. గాజు సన్నగా చిట్లింది, ముక్క కూడా రాలలేదు. ఆయన చేతిలో పనితనం ఉంది మరి, దొంగపని కూడా నీటుగానే కుదిరింది. కంచే చేను మేసింది, చూసినవాడు లేడు.

మేడం వచ్చి చూసింది. షాపాయన నేను చెప్పలేదా అన్నట్టు అందరి మొహాలూ చూశాడు. చిన్న మేస్త్రీ ఇకిలించలేదు. స్టూలెక్కి ఆ గాజుని చాలాసేపు చూసి దిగాడు. వాదిస్తాడనుకున్నారు గాని, అన్నయ్య దగ్గర తాళం ఉండగా పగిలిందంటే గోడ కదిలినట్టే, ఆ మూల తవ్వి పునాది చూద్దాం, ఖర్చు నాదే అన్నాడు. ఆ రాత్రి పెద్ద మేస్త్రీ మారు వడ్డించుకుని తిన్నాడు. రెండ్రోజుల్లో స్కూలు వాళ్ళు ఒకసారి వచ్చి కలవమని కబురు పెట్టారు. చాలాకాలానికి ఆయన అద్దంలో మొహం చూసుకుని, పర్వాలేదు అనుకున్నాడు.

తవ్వకం రోజున అందరూ చేరారు. షాపాయన, మేడం, చిన్న మేస్త్రీ, అతని కూలీలు, పక్క సైటులో పనిచేసేవాళ్ళు. పెద్ద మేస్త్రీ గొయ్యి అంచున చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ప్లానులో ఉన్న లోతు వచ్చింది. పునాది అడుగు రాలేదు. ఇంకా తవ్వారు. అయినా రాలేదు. మనిషి నడుము దాకా అదనంగా దిగితే గాని అడుగు కనపడలేదు, అదీ గునపం దిగనంత గట్టి నేల మీద, ప్లానులో గీసినదానికన్నా వెడల్పుగా. ఎక్కడా సన్నటి గీత కూడా లేదు.

మేడం స్వయంగా గొయ్యిలోకి దిగి టేపు పెట్టి చూసుకుంది. ఇంత లోతు ఎందుకు వెళ్ళావు, ఇది బిల్లులో లేదేమిటని అడిగింది. ఆ మూల ఎప్పుడో చెత్తగుంట పూడ్చిన నేల తగిలిందని, మెత్తగా ఉంటే కిందికి దిగానని, బిల్లులో వెయ్యడం మర్చిపోయానని చెప్పాడు చిన్న మేస్త్రీ. చెప్పి, ఊపిరి పీల్చుకున్నట్టు చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"గట్టి నేల తగిలేదాకా ఆగకురా అని నేర్పింది అన్నయ్యే కదా మేడం."

నేర్పింది నిజమే. కాని తనైతే గీసిన లోతుకే ఆగి ఉండేవాడని పెద్ద మేస్త్రీకి తెలుసు. కిందటేడు కట్టిన ఇంట్లో అలాగే ఆగాడు కూడా. భూమిలో పూడిపోయిన పునాదిని ఏ ఇంట్లోనూ ఎవడూ చూడడు. చూపించినవాడు తనే. తను గాజు పగలగొట్టకపోతే వాడి ఈ గొప్ప మట్టికింద ఉండిపోయేది. గొయ్యి వాడి కోసం తవ్వించాడు గాని, పడింది తనే. పక్క సైటు మేస్త్రీలు అప్పుడే ఒకర్నొకరు పిలుచుకుని చూపించుకుంటున్నారు.

మేడం పైకి వచ్చి చేతులు దులుపుకుంది. ఈ పునాది కదల్లేదు, మరి పై గాజు ఎలా పగిలిందని అడిగింది. అడిగింది అందరినీ గాని, చూపు మాత్రం తాళంచెవి ఉన్నవాడి మీద ఆగింది. పెద్ద మేస్త్రీ మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆ మొహం చిన్న మేస్త్రీ చూశాడు. చూడగానే అతనికి అంతా అర్థమైంది. ఒక్క క్షణం తల దించుకుని, మళ్ళీ ఎత్తాడు.

"పక్క సైటుకి ఇనుము లారీలు తిరుగుతున్నాయి మేడం. ఆ అదురుకి చిట్లి ఉంటుంది. గాజుదేముంది."

షాపాయన తలూపాడు. మేడం కూడా కాగితం మీద కలం పెట్టింది. ఇక పెద్ద మేస్త్రీ చెయ్యవలసిందల్లా నోరు మూసుకుని నిలబడడం. పరువు దక్కేది, ఇంటికి వెళ్ళి అన్నం తినేవాడు.

కాని లోపల ఆ పాత మంట లేచింది. మంచి గోడ వాడిది, మంచి పునాది వాడిది, అత్తగారు వాడి మనిషి, రేపు స్కూలూ వాడిదే. ఇప్పుడు క్షమించే పెద్దరికం కూడా వాడికే ఇచ్చెయ్యాలా? బతికినన్నాళ్ళూ వాడి దయ కింద తిరగాలా? ఆయనకి బుద్ధి వచ్చిందనుకునేరు, అదేం కాదు. ఆ ఒక్కటీ వాడికి దక్కనివ్వకూడదనుకున్నాడు, అంతే.

"లారీ కాదు. నేనే కొట్టాను."

మేడం కలం ఆగింది. ఎందుకు కొట్టావని అడిగింది.

"వాడంటే నాకు కడుపుమంట. చివర్న నా అభిప్రాయం కూడా ఇవ్వాలన్నారుగా, రాసుకోండి. ఈ పునాది నాకన్నా బాగా వేశాడు."

కూలీల్లో ఒకడు గునపం కింద పెట్టేశాడు. షాపాయన ఆఖరి బిల్లు రేపే ఇచ్చేస్తానని మెల్లగా గొణిగాడు గాని, దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. చిన్న మేస్త్రీ గొయ్యి చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చాడు.

"నేను సర్దేశాను కదా. ఎందుకు చెప్పావు?"

"నువ్వు సర్దావు కాబట్టే."

కోపం రావడానికి చిన్న మేస్త్రీకి కాస్త సమయం పట్టింది, అలవాటు లేని పని కదా.

"గాజు పగిలిన రోజు నుంచీ నాకు నిద్ర లేదు. ఆ మూల నేనే దగ్గరుండి వేశాను, నా చేత్తో వేశాను. అయినా నీ దగ్గర తాళం ఉందని, నా పునాదిని నేనే అనుమానించాను. కూలీల ముందు తల ఎత్తుకోలేకపోయాను. నీ మాట మీద నాకు అంత నమ్మకం."

చిన్న మేస్త్రీ చెయ్యి చాపాడు.

"తాళంచెవి ఇవ్వండి, మేస్త్రీ గారూ."

ఆయన జేబులోంచి తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు. చిన్న మేస్త్రీ దాన్ని షాపాయనకి అందించి, గొయ్యి పూడ్చమని కూలీలకి చెప్పి, తనూ పార అందుకున్నాడు. ఇంక ఇటు తిరగలేదు. ఇన్నేళ్ళూ ఏ పిలుపు వింటే ఒళ్ళు మండేదో అది మళ్ళీ ఒక్కసారి వినపడుతుందేమోనని, గొయ్యి సగం పూడేదాకా పెద్ద మేస్త్రీ అక్కడే నిలబడ్డాడు.