వాయిదా రోజున వంట

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారు కొట్టేసిన ఏడాది, కైకలూరులో ఉండే నెల్సన్ చెరువు పోగొట్టుకుని, పెళ్ళాం పిల్లలతో ఏలూరులో తల్లి ఎలిజబెత్ దగ్గరికి చేరాడు. ఆ ఇంటి వెనక వాటాలో హన్నమ్మ ఎన్నో ఏళ్ళుగా అద్దెకుంటోంది. పేరుకి రెండు పొయ్యిలేగానీ, ఆ ఇద్దరాడవాళ్ళ కూరలూ గోడ మీదుగా అటూ ఇటూ తిరిగేవే.

ఇల్లు తన పేరనే ఉన్న నెల్సన్‌కి ఆ వాటా కావాలి. ఖాళీ చెయ్యమని మొహం మీద చెప్పలేక కోర్టులో కేసు వేశాడు. మొదటి వాయిదాకి అతనూ హన్నమ్మా ఒకే ఆటోలో వెళ్ళి, ఒకే ఆటోలో తిరిగొచ్చారు. హన్నమ్మ జవాబు చెప్పుకోవడానికి ఇంకో వాయిదా ఇచ్చారు.

ఈలోగా ఎలిజబెత్ నిద్రలోనే కన్నుమూసింది. పోయినవాళ్ళ కోసం ఇంట్లో ప్రార్థన పెట్టి భోజనాలు పెట్టే ఆదరణ కూటం సరిగ్గా ఆ వాయిదా రోజునే పడింది.

"పిన్నిగారూ, కూటానికి వంట మీరే చూడాలండి. అమ్మకి మీ చేతి వంటే ఇష్టం" అన్నాడు నెల్సన్.

"అలాగే బాబూ. మరి కోర్టో?"

"ఇప్పుడు కోర్టుకెవరెళ్తారండీ" అని కళ్ళు తుడుచుకున్నాడు.

అన్నట్టే అతను వెళ్ళలేదు. పాస్టరుగారి పక్కన తలొంచుకు కూర్చునే ఉన్నాడు. కేసు వేసినవాడే ఇక్కడుంటే అక్కడ జరిగేదేముంది అనుకుని హన్నమ్మ గంటె దించలేదు. ఆ పొద్దున కోర్టులో తన పేరు పిలిచారనీ, పలికే దిక్కు లేక తీర్పు నెల్సన్‌ పక్షానే అయిపోయిందనీ, ఇల్లు ఖాళీ చేయించడానికి కోర్టు అమీనా వచ్చి గడువు చెప్పిన రోజున గానీ ఆమెకి తెలియలేదు.

అంతవరకూ ప్లీడర్ని పెట్టుకోని హన్నమ్మ, అప్పుడు ప్లీడరు సత్యవతిగారి దగ్గరికి పరిగెత్తింది.

"ఓనరు రాకపోయినా ఆయన ప్లీడరు వస్తారు కదమ్మా. చావైనా పెళ్ళైనా మీరో, మీ తరఫున ప్లీడరో వెళ్ళి ఇంకో వాయిదా అడగాలి. వెంటనే వచ్చుంటే సులువయ్యేది. ఇప్పుడైనా ఆలస్యానికి కారణం చూపించి తిరగదోడమని అడుగుదాం. నెల్సన్‌గారు రావద్దన్నారా?"

"లేదమ్మా. వంట చెయ్యమన్నారు."

"అదే రాద్దాం. ఆ రోజు మీరు వాళ్ళింట్లోనే ఉన్నారా లేదా అని ఆయన్నే అడుగుతాను, బోనెక్కించి."

తల్లి కూటం గురించి ఆ పిల్లాణ్ణి బోనులో నిలబెట్టి అడిగించడానికి హన్నమ్మకి మనసొప్పలేదు. వస్తానమ్మా అని లేచొచ్చేసింది.

పెంటపాడులో తన చెల్లెలింటికి హన్నమ్మ సామాను వ్యానుకెక్కించే రోజున నెల్సన్ ఆమె దగ్గరికొచ్చాడు.

"ఆ రోజు మీరు కోర్టుకెళ్ళుంటే నేనేం అనుకునేవాణ్ణి కాదండి పిన్నిగారూ. వంటకి ఇంకెవర్నైనా పిలిచేవాళ్ళం."

హన్నమ్మ చేతిలోని బిందె వ్యానులో పెట్టింది. ఆ రోజు కోర్టుకి వెళ్ళిరానా బాబూ అని ఒక్క మాట అడిగి ఉండాల్సింది. అడగడానికే మొహమాటపడింది.

"పోన్లే బాబూ" అంది, వ్యానెక్కుతూ. దారిలో గూడెం ఊరు దాటేదాకా అడగని ఆ ఒక్క మాటే ఆమె నోట్లో ఆడుతూనే ఉంది.